ఫ్రీగా ఇచ్చే రాజ్యం ఖరీదెంత?

మొన్న దీపావళికి జైనూర్ వెళ్లాను. రాత్రి రెండున్నర అవుతుండగా పక్క మంచం మీద పడుకున్న మా చిన్నాయన కొడుకు ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు. పామో తేలో అనుకుని నేనూ లేచాను. చూస్తే వాడి మొహం మీద ఫోన్ వెలుగు.

"ఏమైందిరా?"

"కోట మీద పడ్డరన్నా. షీల్డ్ అయిపోయింది, సూస్కోలే."

నాకు నవ్వొచ్చింది. వాడికి రాలేదు. గోళ్లు కొరుక్కుంటూ ఐదు నిమిషాలు ఏదేదో నొక్కాడు. తర్వాత ఫోన్ దిండు కింద పెట్టి, "పోయింది. మూడు వారాల పని పోయింది" అని అటు తిరిగి పడుకున్నాడు.

అదే రాత్రి మా చిన్నాయన చేను కాడ మంచె మీద ఉన్నాడు. జొన్న మీద అడవిపందులు పడతాయని కావలి. ఇంట్లో కొడుకు కావలి వేరే. ఆ కోట ఎక్కడుందో, ఏ దేశపు సర్వర్లో ఉందో వాడికీ తెలియదు. దాని కోసం ఎంత ఖర్చు పెట్టాడో మాత్రం తెలుసు. అది నాకు తెల్లారి చెప్పాడు.

నిప్పు పెట్టింది నేనే

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. వాడికి ఇలాంటి గేముల పిచ్చి అంటించింది నేనే. నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు సెలవులకు ఇంటికొస్తే వాడు నా లాప్‌టాప్ చుట్టూ తిరిగేవాడు. హాస్టల్లో మేం ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఎట్లా ఆడేవాళ్లమో కథలు కథలుగా చెప్పేవాణ్ని. రూముల మధ్య లాన్ వైర్లు లాగి నలుగురు ఒక దిక్కు, నలుగురు ఒక దిక్కు కూర్చునేవాళ్లం. ఎవడో ఒకడు చీట్ కోడ్ కొట్టి మధ్యయుగం సైన్యం మధ్యలోకి కోబ్రా కారు దించేవాడు. తెల్లారి ఇంటర్నల్ ఎగ్జామ్. అయినా ఆడేవాళ్లం.

ఆ గేమ్ 1999లో వచ్చింది, అంటే నాకు ఊహ తెలియకముందే. దానికంటే ముందు 1997లో మొదటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, 1992లో డ్యూన్ 2, 1991లో సిడ్ మెయర్ చేసిన సివిలైజేషన్ వచ్చాయి. ఇప్పుడు మన ఫోన్లో కనిపించే రాజ్యాల గేములన్నిటికీ అవే తాతముత్తాతలు. కొత్త చోటు వెతకడం, విస్తరించడం, వనరులు తవ్వుకోవడం, శత్రువును తుడిచిపెట్టడం, ఈ నాలుగూ ఉన్న గేములను '4ఎక్స్' అంటారు. 1993లో అలాన్ ఎమ్రిచ్ అనే రచయిత మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే గేమ్ గురించి రాస్తూ ఆ మాట వాడాడు. అదే నిలిచిపోయింది.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. మొదలుపెట్టేటప్పుడు ఎవరికైనా ఒకటే లెక్క. ఒక టౌన్ సెంటర్, ముగ్గురు పనివాళ్లు, గుర్రం మీద ఒక స్కౌట్. 200 తిండి, 200 కట్టె, 100 బంగారం, 200 రాయి. కొన్ని జాతులకు చిన్న తేడాలుంటాయి, అంతే. వాడు కోటీశ్వరుడి కొడుకైనా, పత్తి రైతు కొడుకైనా ముగ్గురు పనివాళ్లతోనే మొదలు. గంట, మహా అయితే రెండు గంటలు. ఎవడో గెలుస్తాడు, ఎవడో ఓడతాడు, ఆట అయిపోతుంది. లేచి అన్నానికి పోతాం.

ఈ రెండూ గుర్తుపెట్టుకోండి: అందరికీ ఒకటే మొదలు, ఎప్పుడో ఒకప్పుడు ముగింపు. ఇప్పటి గేముల్లో తీసేసినవి సరిగ్గా ఈ రెండే.

యాడ్‌లో ఒకటి, ఆటలో ఒకటి

మా తమ్ముడికి ఈ గేమ్ యాడ్‌లో తగిలింది. ఏదో వీడియో చూస్తుంటే మధ్యలో వచ్చిందట. పాత కంప్యూటర్ గేములాగా పైనుంచి కనిపించే ఊరు, కట్టెలు కొట్టే మనుషులు, మండుతున్న గోడలు. తెలుగులోనే వాయిస్, ఆ మెషిన్ గొంతుతో: మీ రాజ్యం ప్రమాదంలో ఉంది, మీరొక్కరే కాపాడగలరు. ఒక వేలు వచ్చి ప్రతిసారీ తప్పు చోటే నొక్కుతుంది. సైన్యం చస్తుంది. చూసేవాడికి ఒళ్లు మండుతుంది. "ఒరేయ్ అటు కాదురా, ఇటు" అనుకుంటాడు. అనుకున్నాడంటే అయిపోయినట్టే. కింద 'ఇన్‌స్టాల్' అని పచ్చ బటన్ ఉంది కదా.

"అన్నా, ఇది నువ్వు చెప్పిన గేమ్ లెక్కనే కొట్టింది. అందుకే ఎక్కించిన" అన్నాడు వాడు. ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది.

ఎక్కించాక చూస్తే యాడ్‌లో చూపించిన యుద్ధం లేదు. గోడల మీద నొక్కడం, వాటికి టైమర్ పెట్టడం, ఎదురు చూడడం. యాడ్‌లో ఒకటి, ఆటలో ఒకటి. ఇది మా వాడికే జరిగిన వింత కాదు. 2020 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లోని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ అథారిటీ హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ అనే రెండు గేముల ఫేస్‌బుక్ యాడ్స్‌ను తప్పుబట్టింది. ఆ యాడ్స్‌లో పిన్నులు లాగి మనిషిని కాపాడే పజిల్ చూపించారు. గేమ్ మాత్రం ప్రధానంగా ఒకే రకం బొమ్మల్ని మూడేసి జత చేసే ఆట. పజిల్స్ కూడా లోపల ఉన్నాయని కంపెనీ వాదించింది. అవి అసలు ఆటకు ప్రతినిధి కాదని, యాడ్ తప్పుదోవ పట్టిస్తోందని అథారిటీ తేల్చింది. అవి స్ట్రాటజీ గేములు కావు. కానీ ఆ పిన్నుల బొమ్మ ఎంత బాగా పని చేసిందంటే, రాజ్యాల గేములు కూడా దాన్నే పట్టుకున్నాయి. ఇప్పటికీ రాజుగారు లావాలో పడబోతూనే ఉన్నాడు, ఆ వేలు తప్పు పిన్నే లాగుతూనే ఉంది.

"ఆడండి, ప్రభూ" నుంచి సూపర్ బౌల్ దాకా

ఈ యాడ్స్ గోల స్మార్ట్‌ఫోన్‌తో మొదలు కాలేదు. 2009లో బ్రౌజర్‌లో ఆడే ఒక గేమ్ వచ్చింది. మొదటి పేరు సివోనీ. సివిలైజేషన్ గుర్తుకు రావాలనే ఆ పేరని చదవగానే తెలిసిపోతుంది. తర్వాత ఎవోనీ అని మార్చారు. 'ఇప్పుడే ఆడండి, ప్రభూ' అన్న అర్థం వచ్చే బ్యానర్లు ఇంటర్నెట్ అంతా పరిచారు. మొదట్లో సైనికులు, కోటలు. రాను రాను కోటలు పోయి, గేమ్‌తో ఏ సంబంధమూ లేని అమ్మాయిల బొమ్మలు మిగిలాయి. దాని మీద జోకులు, పేరడీలు వచ్చాయి. నవ్వుతూనే జనం నొక్కారు.

2015 ఫిబ్రవరిలో అమెరికాలో సూపర్ బౌల్ మ్యాచ్. టీవీలో 30 సెకన్ల యాడ్ దాదాపు 45 లక్షల డాలర్లు. ఆ మ్యాచ్‌లో గేమ్ ఆఫ్ వార్ కోసం మోడల్ కేట్ అప్టన్ కవచం తొడుక్కుని వచ్చింది. అదే రోజు క్లాష్ ఆఫ్ క్లాన్స్ కోసం లియామ్ నీసన్ ఒక కాఫీ షాపులో కూర్చుని పగ తీర్చుకుంటానన్నాడు. మరుసటి ఏడాది మొబైల్ స్ట్రైక్ కోసం ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ దిగాడు. 2017లో ఎవోనీ కూడా ఆ మ్యాచ్‌కే సినిమా తారలతో యుద్ధం సీను తీసింది. ఫ్రీ గేమ్! ఇన్‌స్టాల్ చేయడానికి రూపాయి అడగని గేమ్‌కు అంత ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

పెట్టింది పదింతలు తిరిగి వస్తుందనుకునేవాళ్లు పెట్టుకుంటారు. ఎవరి దగ్గర్నుంచి వస్తుందో చూపించే కేసు ఒకటి అమెరికా కోర్టు దాకా వెళ్లింది. కాలిఫోర్నియాలో ఒక కంపెనీ లెక్కలు చూసే ఉద్యోగి అక్కడ ఏళ్ల తరబడి 48 లక్షల డాలర్లు కాజేశాడు. అందులో దాదాపు 10 లక్షల డాలర్లు ఒక్క గేమ్ ఆఫ్ వార్‌లోనే పోశాడు. 2016లో నేరం ఒప్పుకున్నాడు. నేరం అతనిదే, అందులో అనుమానం లేదు. కానీ ఒక ఫోన్ గేమ్‌లో ఒకే మనిషి పది లక్షల డాలర్లు పోసినా నిండకపోవడం ఏమిటి? అడుగు లేకుండా చేసిన కుండ అది.

ఇంకో మాట. ఈ దారి పట్టింది నకళ్లు మాత్రమే కాదు. 2024 అక్టోబర్‌లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ పేరుతోనే అధికారికంగా మొబైల్ గేమ్ వచ్చింది. చేసింది టెన్సెంట్‌కు చెందిన టీమి స్టూడియో. హీరోలు, అలయన్సులు, లోపల కొనుగోళ్లు అన్నీ ఉన్నాయి. తాతగారి ఫొటో పెట్టి మనవడు తెరిచిన కొత్త దుకాణం.

లోపల మెషిన్ ఇట్లా తిరుగుతుంది

నేను గేములు రాసేవాణ్ని కాదు. కానీ ఇదే సామాను తయారయ్యే రంగంలో ఉన్నాను కాబట్టి లోపలి సంగతి కొంత తెలుసు.

కంపెనీ ఒక్కో ఇన్‌స్టాల్‌కు యాడ్ నెట్‌వర్క్‌కు ఇంత అని కడుతుంది. ఒక్కో ఆటగాడు జీవితకాలంలో ఎంత ఇస్తాడని మరో అంకె ఉంటుంది. రెండో అంకె మొదటిదానికంటే పెద్దదిగా ఉన్నంత కాలం యాడ్స్ ఆగవు. అందుకే ఒక గేమ్‌కు వందల రకాల యాడ్స్ తీస్తారు. ఏడ్చే రాణి ఒకటి, మంచులో వణికే పిల్ల ఒకటి, పాత కంప్యూటర్ గేములా కనిపించేది ఒకటి. ఏది ఎక్కువ నొక్కితే అది బతుకుతుంది, మిగతావి చస్తాయి. ఆ యాడ్ నిజమా కాదా అన్న కాలమ్ ఆ రిపోర్టులో ఉండదు.

లోపలికి వచ్చాక మొదటి రోజు పెళ్లికి వచ్చిన చుట్టానికి చేసినట్టు మర్యాద. ఇల్లు కట్టడానికి 5 సెకన్లు, గోడకు 20 సెకన్లు. అన్నీ టపటపా అయిపోతాయి. వారానికి అదే గోడకు 8 గంటలు. నెలకు 3 రోజులు. లేదా 89 రూపాయలు. మీ దగ్గర ఓపిక ఉందా, డబ్బులున్నాయా? రెండూ లేకపోతే పక్కవాడు వచ్చి మీ ధాన్యం దోచుకుపోతాడు. దోచుకోకుండా 'శాంతి షీల్డ్' కొనుక్కోవచ్చు. అది 8 గంటలకోసారి అయిపోతుంది. సరిగ్గా మనం నిద్రపోయే గంటలన్ని. ఇది యాదృచ్ఛికం అని ఎవరైనా ఇంజనీర్ చెబితే నేను నమ్మను.

ఎందుకు నమ్మనంటే, ఇలాంటిది నేనూ రాశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక షాపింగ్ యాప్‌కు 'ఆఫర్ ఇంకా 10 నిమిషాలే' అనే టైమర్ రాయమన్నారు. రాశాను. సున్నాకు వచ్చాక ఏం చేయాలని అడిగితే, మళ్లీ పది నుంచి మొదలుపెట్టు అన్నారు. అదీ రాశాను. కోడ్ రివ్యూలో నాకు వచ్చిన ఒకే ఒక్క కామెంట్, వేరియబుల్ పేరు బాగాలేదని.

జైనూర్ నుంచి వచ్చాక వాడి గేమ్‌నే నా పాత ఫోన్లో ఎక్కించి పది రోజులు లెక్క రాసుకున్నాను. యాప్ తెరిచిన ప్రతిసారీ నా ఊరు కనబడేలోపు నాలుగు నుంచి ఆరు ఆఫర్లు మూయాలి. మూసే ఇంటూ గుర్తు ఒక్కోదానికి ఒక్కో మూల. రోజుకు తొమ్మిది, పది నోటిఫికేషన్లు. '2000 శాతం విలువ' అని ఒక ప్యాకేజీ వచ్చింది. దేని మీద రెండు వేల శాతం? రత్నాల ధర పెట్టింది వాళ్లే, తగ్గించింది వాళ్లే. 'చివరి అవకాశం' ఆ పది రోజుల్లో నాకు ఏడు సార్లు వచ్చింది.

పులి మేకలో మనమెవరం?

మా చిన్నాయన పులి మేక బాగా ఆడతాడు. బండ మీద బొగ్గుతో గీత గీసి, 3 పులులు, 15 మేకలు. పులికి దూకి మేకను తినే హక్కుంది. మేకకు ఆ హక్కు లేదు. అయినా మేకలు కూడబలుక్కుని చుట్టుముడితే పులి కదలలేదు, మేకలు గెలుస్తాయి. బలం ఒకరిది, సంఖ్య ఒకరిది. లెక్క సరిగ్గా తూగుతుంది కాబట్టే ఆ ఆట ఇన్ని తరాలు నిలబడింది.

ఫోన్ రాజ్యంలో కూడా పులులు, మేకలు ఉన్నాయి. నెలకు వేలు, లక్షలు పోసేవాళ్లను ఆ పరిశ్రమ 'వేల్స్' అంటుంది, అంటే తిమింగలాలు. వాళ్లు కొనుక్కున్న సైన్యంతో ఎవరి మీద పడాలి? అందుకు ఫ్రీగా ఆడే వేల మంది కావాలి. మనం రూపాయి పెట్టకపోయినా కంపెనీకి నష్టం లేదు. తినడానికి మేకలు లేకపోతే పులి డబ్బు కట్టదు. తేడా ఒక్కటే: ఇక్కడ మేకలన్నీ కలిసినా పులిని కట్టేయలేవు. పులి ఇంకో ప్యాకేజీ కొంటుంది.

ఇందులో నేను తేలిగ్గా తీసేయలేనిది ఒకటుంది. మా వాడి అలయన్స్‌లో శ్రీకాకుళం వైపు అతను ఒకడు, దుబాయ్‌లో డ్రైవర్ పని చేసే కరీంనగర్ అతను ఒకడు. వాడు జ్వరంతో పడుకుంటే వాళ్లు ఫోన్ చేసి అడిగారట. ఆ స్నేహం అబద్ధం కాదు. కానీ దాన్ని కూడా మెషిన్ వాడుకుంటుంది. ఒకడు ప్యాకేజీ కొంటే అలయన్స్‌లో అందరికీ పెట్టె గిఫ్ట్ వస్తుంది. నలుగురూ థాంక్స్ అంటారు. రేపు నీ వంతు అని ఎవరూ అనరు. అనాల్సిన అవసరం లేదు.

దీపావళి ముందు మా దగ్గర గూడేల్లో దండారి. గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకుని ఊరూరా తిరిగి ఆడతారు. చిన్నప్పుడు డప్పు చప్పుడు వినబడితే వాణ్ని ఇంట్లో ఆపలేకపోయేవాళ్లం. ఈసారి పోదాం రమ్మంటే, "ఎనిమిదింటికి ఈవెంట్ ఉందన్నా, లేకపోతే అలయన్స్‌ల నుంచి తీసేస్తరు" అన్నాడు.

14,870 రూపాయలు

తెల్లారి వాడి ప్లే స్టోర్ ఆర్డర్ హిస్టరీ ఇద్దరం కూర్చుని చూశాం. నాలుగు నెలల్లో 63 కొనుగోళ్లు. మొదటిది 29 రూపాయలు. తర్వాత 89లు. తర్వాత 449, 899. కూడితే 14,870 రూపాయలు. ఎక్కువ భాగం రాత్రి పదకొండు దాటాకే.

డబ్బులు చిన్నాయనవి. ఆయన ఖాతా, ఆయన సిమ్, కానీ ఫోన్ నడిపేది వీడు. మన ఊళ్లలో చాలా ఇళ్లలో అంతే. చదువుకున్న పిల్లగాడే ఇంటికి బ్యాంకు మేనేజర్. ఎరువుల దుకాణానికి కొట్టేదీ వాడే, ఖాతాలో ఎంత ఉందో చదివి చెప్పేదీ వాడే. బ్యాంకు నుంచి మెసేజ్‌లు 63 సార్లు వచ్చాయి. అన్నీ వాడికే వచ్చాయి.

ఆ వారం పత్తి ఏరినోళ్లకు కూలి డబ్బులు ఇవ్వాలి. చిన్నాయన అడిగితే తక్కువ పడతాయి. "అన్నా, నువ్వు ఏసెయ్యవా, పంట పైసలు రాంగనే ఇస్త" అన్నాడు. నాకది పెద్ద మొత్తం కాదు. ఫోన్ తీసి పంపిస్తే ఎవరికీ తెలియకుండా అయిపోయేది. నా వేలు బటన్ దాకా వెళ్లింది. కానీ 64వ కొనుగోలుకు నేనే దారి వేసినట్టు అవుతుందనిపించింది. "కూలోళ్లకు నేను సర్దుతా. కానీ ముందు నువ్వు చిన్నాయనకు చెప్పు" అన్నాను.

మధ్యాహ్నం అన్నం తింటుంటే చెప్పాడు. చిన్నమ్మ తల కొట్టుకుంది. చిన్నాయన తిట్టలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు.

"మరి గెలిచినవా?"

వాడు నా వైపు చూశాడు. "దాంట్ల గెలుసుడు ఉండదు బాపు. నడుస్తనే ఉంటది."

"గెలుసుడు లేకపోతే అది ఆట ఎట్లయితదిరా?"

నాలుగేళ్లు కంప్యూటర్ సైన్స్ చదివిన నా దగ్గర దానికి జవాబు లేదు.

చట్టం ఎక్కడిదాకా వస్తుంది?

"ఇట్లాంటివన్నీ బ్యాన్ చేసిండ్రు కదా" అని చాలామంది అంటారు. చేసింది వేరే. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి డబ్బు గెలవాలనుకునే ఆటలు, వాటి యాడ్స్ నిషేధం. మన రాజ్యాల గేమ్‌లో డబ్బు పెడతాం కానీ తిరిగి డబ్బు రాదు. కాబట్టి అది ఆ లెక్కలోకి రాదు. వినడానికి వింతగా ఉంటుంది: తిరిగొచ్చే ఆశ ఉన్నది నేరం, అసలు ఆశే లేనిది వినోదం.

2020లో కేంద్రం క్లాష్ ఆఫ్ కింగ్స్, రైజ్ ఆఫ్ కింగ్‌డమ్స్ లాంటి వాటిని ఆపింది కూడా దేశ భద్రత, డేటా కారణాలతోనే. యాడ్స్ గురించి కాదు. ఒకటి పోతే ఇంకో పేరుతో ఇంకోటి వచ్చింది.

మనకు పనికొచ్చేది ఒకటుంది. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 'డార్క్ ప్యాటర్న్స్' మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మనల్ని మాయ చేసి నొక్కించే 13 రకాల డిజైన్లను అందులో పేరు పెట్టి చెప్పింది. 'ఇంకా 10 నిమిషాలే' అనే తప్పుడు తొందర పెట్టడం అందులో ఒకటి. ఒకటి చూపించి ఇంకోటి అంటగట్టడం ఒకటి. పదే పదే సతాయించడం ఒకటి. నేను రాసిన టైమర్ ఆ జాబితాలో మొదట్లోనే ఉంది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఇంకా, 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల మీద నిఘా పెట్టి వాళ్లకు గురిపెట్టే యాడ్స్‌ను వద్దంటుంది. కానీ ఇంట్లో పిల్లగాడు తండ్రి ఫోన్లో, తండ్రి పేరుతో ఉన్న అకౌంట్లో ఆడుతుంటే, యాడ్ వేసేవాడి లెక్కలో అతను 45 ఏళ్ల రైతు.

మీ ఫోన్లో ఇప్పుడే చేయగలిగినవి

ప్లే స్టోర్‌లో మీ బొమ్మ నొక్కి పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లండి. బడ్జెట్ అండ్ హిస్టరీ అని ఉంటుంది. ఇప్పటిదాకా పెట్టిన ప్రతి రూపాయి అక్కడ కనబడుతుంది. నెలకు ఇంత అని బడ్జెట్ కూడా పెట్టుకోవచ్చు. అది దాటితే హెచ్చరిస్తుంది, ఆపదు. ఆపేది మీరే. సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టండి. పొరపాటున కొంటే 48 గంటల్లోపు రీఫండ్ అడగండి. గేమ్ నోటిఫికేషన్లు ఆపేయండి. కోట మండితే మండనీ, తెల్లారి చూసుకోవచ్చు.

రాజ్యాలు కట్టే సరదా మాత్రం చంపుకోనక్కర్లేదు. నాకూ చావలేదు. అన్‌సివ్ అని ఒక గేమ్ ఉంది. పాత సివిలైజేషన్ 5 పద్ధతిలో ఉంటుంది, ఓపెన్ సోర్స్, ఫ్రీ, యాడ్స్ లేవు, నెట్ లేకపోయినా నడుస్తుంది. బొమ్మలు సాదాసీదాగా ఉంటాయి. చిన్న ఫోన్లో కూడా ఆడొచ్చు. కంప్యూటర్ ఉంటే 0 ఏ.డీ. చూడండి, అది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ దారిలోది, అదీ ఓపెన్ సోర్సే. ఈ రెండింటికీ సూపర్ బౌల్ యాడ్ లేదు, తెలుగు మెషిన్ గొంతు లేదు. అందుకే మా తమ్ముడికి ఎప్పుడూ తగల్లేదు. మంచి గేమ్ మన దగ్గరికి రాదు, మనమే వెతుక్కుంటూ పోవాలి.

మా వాడు ఆ గేమ్ తీసేశాడు. ఒక్కసారికే కాదు. తీసి, ఆరు రోజులకు మళ్లీ ఎక్కించి, మళ్లీ తీశాడు. శ్రీకాకుళం అతనితో ఇప్పుడు వాట్సాప్‌లో మాట్లాడుతున్నాడు. పోయిన వారం ఫోన్ చేసి, "అన్నా, అన్‌సివ్‌ల ఓడిపోయిన" అన్నాడు. గొంతులో సంతోషం. ఓడిపోతే ఎందుకురా నవ్వుతున్నవ్ అంటే, "అయిపోయింది గదన్నా. పండుకుంటున్న" అన్నాడు.

ఈసారి మీ ఫోన్లో ఏ రాజుగారైనా లావాలో పడబోతుంటే, ఆ పచ్చ బటన్ నొక్కే ముందు మా చిన్నాయన అడిగిన మాట ఒక్కసారి అడగండి. దీంట్లో గెలుసుడు ఉన్నదా?